మనోళ్లు గిట్ల చెయ్యరు

30 జూలై 2025, బుధవారం

ఇల్లు నిండింది. పొద్దున్నే భీమండి నుంచి పెద్దన్న కొడుకు, కోడలు, వాళ్ల బిడ్డ దిగిండ్రు. ట్రావెల్స్ బస్సు హైవే మీద విడిచిపెట్టి పోతె సంచులు, చాదర్ల మూట మోసుకుంట నడిచే ఇంటికి వచ్చిండ్రు. పొద్దుమూకినంక అమెరికా నుంచి చెల్లె బిడ్డ, ఆమె కూతురు. వాళ్ల కోసం ఎయిర్‌పోర్టుకు కారు పోయింది, ఆ కారెంబడి ఇంకో కారు పోయింది. పదో తారీఖు ఆదివారం ముత్యాలమ్మ బోనాలు. ఇన్నేండ్లకు రెండు దిక్కులోళ్లు ఒక్క పండుగకు కుదిరిండ్రు.

వాడకట్టంత మా వాకిట్లకు వచ్చింది. అమెరికా పిల్ల చేతులు జోడించి, "తాతా, బాగున్నారా?" అని ఒక్కో అక్షరం చూసుకుంట పలికింది. ముసలోళ్లు మురిసిపోయిండ్రు. "అంత దూరంల పుట్టి గూడ మన భాష మరువలే సూడు" అని మెటికలు విరిచిండ్రు. పొద్దున భీమండి పిల్ల అదే వాకిట్ల, అదే ముసలోళ్లతోని అర్ధగంట గలగల మాట్లాడింది. నడుమ ఒకటి రెండు మరాఠీ మాటలు దొర్లినయి. దానికి మా ఎదురింటామె మూతి తిప్పి, "బొంబాయోళ్ల తెలుగు అంత ఖరాబే" అన్నది. పది మాటలు వచ్చినందుకు ఒక పిల్లకు మెచ్చుకోలు, రెండు మాటలు తప్పినందుకు ఇంకో పిల్లకు ఎక్కిరింత.

ఇద్దరిదీ దగ్గరదగ్గర ఈడే. ఒకామెకు పదహారు, ఒకామెకు పద్దెనిమిది. రాత్రి ఒకే దోమతెరల పండుకొని ఫోన్ల ఏదో చూసుకుంట నవ్వుతున్నరు. ఏ భాషల నవ్వుతున్నరో మాత్రం సమజ్ కాలే.

1 ఆగస్టు, శుక్రవారం

నేను బ్రాంచ్ పోస్టాఫీసుల కూసున్న రోజులల్ల ఊర్ల రెండు తీర్ల ఇండ్లుండేవి. మనియార్డర్ వచ్చే ఇండ్లు, రాని ఇండ్లు. వచ్చేటియి మూడు జాగల నుంచి వచ్చేవి: షోలాపూర్, భీమండి, సూరత్. ఊరు ఆ మూడింటినీ కలిపి బొంబాయి అన్నది. సూరత్ గుజరాత్‌ల ఉన్నదవ్వా అని చెప్పి సంతకం పెట్టించుకుంటె, "అదే, బొంబాయే గదా" అని నోట్లు కొంగున ముడేసుకొని పోయేటోళ్లు.

నిజానికి ఆ మూడు ఊర్ల బతుకులు మూడు తీర్లు. షోలాపూర్‌కు పోయినోళ్లు అందరికంటె ముందు పోయిండ్రు, ఇల్లు వాకిలి సర్దుకొని కుటుంబాలతోని పోయిండ్రు. అక్కడ మార్కండేయ గుడి కట్టుకున్నరు, బడులు పెట్టుకున్నరు, రాజకీయాలల్ల దిగిండ్రు. గంగాధర్ కూచన్ 1980లల్ల ఆ ఊరి ఎంపీ. మన ఆడం నర్సయ్య అక్కడ సీపీఎం ఎమ్మెల్యేగ మూడు మాట్ల గెలిచిండు. ఆడ ఆయన పేరు నర్సయ్య నారాయణ్ ఆడం. ఇంటిపేరు ఎనకకు పోయింది, నడుమ తండ్రి పేరు వచ్చి కూసున్నది. బీడీలు చుట్టే ఆడోళ్లకు సొంత ఇండ్లు కావాలని ఆయన ఏండ్లకేండ్లు కొట్లాడిండు. ముందు పదివేల ఇండ్ల కాలనీ అయింది. తర్వాత కుంభారి కాడ 30 వేల ఇండ్ల రే నగర్ మంజూరైంది. 2024 జనవరిల అండ్ల 15 వేల ఇండ్ల తాళాలు ఇయ్యడానికి ప్రధానమంత్రే వచ్చిండు. ఆ బీడీల తట్టల ముందర కూసున్న ఆడోళ్లల్ల మన పద్మశాలి ఇండ్లోళ్లు ఎంతమందో. ఈ ముచ్చట మా ఊర్ల ఎవరికీ తెల్వదు. తెల్వకున్నా బొంబాయోళ్ల గురించి తీర్పు మాత్రం అందరి దగ్గర తయారుగ ఉంటది.

భీమండి వేరు. మొదట్ల అది ఒంటరి మొగోళ్ల ఊరు. మా అన్న 1971ల పోయిండు. పన్నెండు గంటల షిఫ్టు, తెలుగు మెస్సుల బువ్వ, పగటి షిఫ్టోడు లేచిన చాప మీద రాత్రి షిఫ్టోడు పండుకునుడు. పద్మానగర్‌ల చిన్న అర్ర కిరాయికి దొరికినంకనే వదినెను రమ్మన్నడు. 1984 మే నెలల భీమండిల మతకల్లోలం లేచినప్పుడు మనియార్డర్లు బందైనయి. పొద్దున సంచి రాకముందే ఆడోళ్లు పోస్టాఫీసు గడప మీద వచ్చి కూసునేటోళ్లు. సీలు విప్పి, ఉత్తరాలు ఏరి, "ఇయ్యాల గూడ లేదు" అని చెప్పుడు నా పని. ఒకామె మాత్రం పైసలు అడగకపోయేది. కూపన్ ముక్క వచ్చినా చాలు, దాని మీద గీత గీసినా చాలు, మనిషి ఉన్నట్టే గదా అనేది.

3 ఆగస్టు, ఆదివారం

వాన. నాటు కూలోళ్లకు అన్నం పంపుడుతోనే పొద్దుపోయింది. రాసేదేం లేదు.

5 ఆగస్టు, మంగళవారం

అమెరికా పిల్ల తన బడి ప్రాజెక్టు ఫోన్ల చూపించింది. వాళ్లుండేది న్యూయార్క్‌ల క్వీన్స్ అనే దిక్కు. ఆమె దగ్గరి సోపతి పిల్లది గయానా కుటుంబం. ఇద్దరు కలిసి "మా తాతముత్తాతలు ఎక్కడోళ్లు" అని రాసిండ్రట.

గయానా అనంగనే నాకు గుర్తుకొచ్చేటియి రెండే. ఒకటి పోస్టలోళ్లందరు వినే తపాలా బిళ్ల, 1856 నాటి బ్రిటిష్ గయానా ఒక సెంటు మెజెంటా. లోకంల ఒక్కటే మిగిలింది, 2014ల దాదాపు 95 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. రెండోది రేడియో కామెంటరీ: క్లైవ్ లాయిడ్, కన్హాయ్, కాళీచరణ్. కాళీచరణ్ పేరు విని మా అన్న, "వీడు మనోడేరా" అని పందెం కట్టేటోడు. బ్యాటు వాళ్ల దిక్కు ఆడినా పేరు మన దిక్కు మొగ్గింది ఆయనకు.

పిల్ల రాసింది చదివిన. నల్లజాతి బానిసలకు విడుదల వచ్చినంక చెరుకు తోటలకు కూలోళ్లు కరువైండ్రు. 1838 మే 5 నాడు విట్‌బీ, హెస్పరస్ అనే ఓడలు కలకత్తా నుంచి మొదటి కూలీలను దించినయి. 1917 దాకా ఒక్క గయానాకే దాదాపు 2 లక్షల 39 వేల మంది పోయిండ్రు. చానామంది బీహార్, యూపీ దిక్కోళ్లు. మద్రాసు రేవుల ఎక్కినోళ్లు 15 వేల దాకా ఉంటరు. వాళ్లల్ల తమిళులున్నరు, మన కోస్తా తెలుగోళ్లున్నరు. ఓడ దిగినంక ఆ తేడా ఎవరికి కావాలె? అందరికీ మద్రాసీ అనే ఒక్క పేరే పెట్టిండ్రు. భాష రెండు మూడు తరాలకు పోయింది, అమ్మవారు మాత్రం నిలిచింది. మారియమ్మ, కాళీమాయి. తప్పెట కొట్టుకుంట, వేపాకు పట్టుకొని, పసుపు నీళ్లు చల్లుకుంట పూజ చేస్తరట.

ఆ దేశం 1966ల స్వతంత్రమైంది. తర్వాతి ఇరవై ముప్పై ఏండ్లల్ల రాజకీయం ఒకదిక్కు, పేదరికం ఒకదిక్కు తరిమితె వాళ్లు మల్ల ఓడలెక్కిండ్రు. ఈసారి విమానాలు. న్యూయార్క్, టొరంటో. క్వీన్స్‌ల రిచ్‌మండ్ హిల్ అంత వాళ్లే. అక్కడి లిబర్టీ అవెన్యూ కూడలికి 2021ల లిటిల్ గయానా అవెన్యూ అని పేరు గూడ పెట్టిండ్రు.

ఇగ ఆ సోపతి పిల్ల తిప్పలు వినాలె. బడిల సంస్కృతి దినం అని బల్లలు వేసిండ్రట. ఇండియా బల్ల కాడికి పోతె మన పిల్లలు, "నీది ఏ స్టేట్?" అన్నరు. ఆమెకేం తెలుసు? తాత తండ్రి ఏ ఊరోడో ఇంట్ల ఎవరికీ తెల్వదు. కరీబియన్ బల్ల కాడికి పోతె, "నువ్వు ఇండియన్‌వి గదా, ఆ బల్ల కాడికి పో" అన్నరు. ఆఖరుకు మా పిల్ల, ఆ పిల్ల గోడ పొంట చిన్న టేబుల్ వేసుకొని, ఏ దేశం పేరూ రాయకుండ, ఒక పప్పు రొట్టె, ఒక పులిహోర పెట్టుకున్నరట. అందరికంటె ముందు ఖాళీ అయింది వాళ్ల గిన్నెలే అని మా పిల్ల కొంచెం గొప్ప చెప్పుకున్నది.

చెల్లె బిడ్డ పక్కన కూసొని అంత విన్నది. పిల్ల స్నానానికి పోయినంక నాతోని మెల్లగ అన్నది: "మంచి పిల్లే మామయ్యా. కాని వాళ్లు మనలాంటి ఇండియన్స్ కాదు. దేవత ముందర మేకలు కోస్తారు, రమ్ము పోస్తారు. అది మన కల్చర్ కాదు కదా. దీన్ని వాళ్ల గుడికి రమ్మన్నారు, నేను పంపలేదు."

మా ఇంటెనక వేప చెట్టుకు, పదో తారీఖు కోసం తెచ్చిన యాట కట్టేసి ఉన్నది. అది అప్పుడే అరిచింది గూడ. చెల్లె బిడ్డ తల తిప్పి చూడలే. ఆమె పుట్టి పెరిగింది ఈ జిల్లాలనే. చిన్నప్పుడు కల్లు సాక పోసే చెంబు తెచ్చి అందిచ్చింది ఆమెనే. నేను ఏం అనలే. చాయ్ పోసిచ్చిన.

7 ఆగస్టు, గురువారం

జాతీయ చేనేత దినం. 1905ల ఇదే తారీఖున స్వదేశీ ఉద్యమం మొదలైందని 2015 నుంచి జరుపుతున్నరు. టీవీల పొద్దటి నుంచి పోచంపల్లి, పుట్టపాక, తేలియా రుమాళ్లు. పద్మశ్రీ గజం గోవర్ధనను చూపించిండ్రు, ఆసు యంత్రం చేసిన చింతకింది మల్లేశం ముచ్చట చెప్పిండ్రు. తల్లి చేతులు గుంజుతుంటె చూడలేక ఆ మిషన్ చేసిండు మల్లేశం; చీరకు వేలకు వేల సార్లు చెయ్యి ఆడిచ్చే బాధ తప్పిచ్చిండు. గొప్పోళ్లు, కాదనేటిది లేదు.

అన్న కొడుకు మంచం మీద కూసొని చూసి చూసి, "చిన్నాయనా, మాకు ఏ దినం పెట్టిండ్రు?" అన్నడు. పోయినేడు వాని దగ్గరి పవర్‌లూములు నాలుగు ఇనుప సామానోనికి తూకం లెక్కన పోయినయి. వాడు గూడ మార్కండేయుని కులపోడే. ముప్పై ఏండ్లు పోగు తెగకుండ చూసినోడే. చేతి మగ్గం కాడ నిలబడ్డోడు నేతన్న, మిషన్ కాడ నిలబడ్డోడు లేబర్. ఊర్ల ఉన్నోడిది వారసత్వం, ఊరు విడిచినోడిది పొట్టతిప్పలు. అసలు ఊర్ల మగ్గం మీద పొట్ట నిండితె వీళ్ల తండ్రి ఎందుకు పోతుండె?

చెల్లె బిడ్డ పోచంపల్లికి కారు తీసుకొని పోయి ఏడు చీరలు తెచ్చింది. అమెరికాల తెలంగాణ సంఘం బతుకమ్మ నాడు అందరు ఇక్కత్ కట్టుకోవాలని ముందే అనుకున్నరట. భీమండి కోడలు చీర అంచు తిప్పి చూసి, పడుగు ఎన్ని పోగులదో, రంగు ఎక్కడ జరిగిందో చెప్పింది. ఆ ముచ్చట ఎవరూ చెవిన పెట్టలే. ఆమె పట్టి చూసినంత సేపు చూసి మడత మల్ల అట్లనే పెట్టింది.

9 ఆగస్టు, శనివారం

నూలు పౌర్ణమి. జంజాలు మార్చుకున్నం. షోలాపూర్ నుంచి మా మేనత్త కొడుకు వీడియో పంపిండు, మార్కండేయుని రథం. ఏటా ఇదే నాడు ఆ ఊరు తెలుగు ఊరైతది. కన్నా చౌక్ దిక్కు నిలబడితె చెవిల మరాఠీ పడదు. ఇక్కడ మా ఊర్ల ఇరవై మందిమి గుడి కాడ కూసొని గంటల ముగించినం. పొయ్యినోళ్ల దగ్గర పండుగ పెద్దగయింది, ఉన్నోళ్ల దగ్గర చిన్నగయింది.

మధ్యాహ్నం అన్న కొడుకు ఒక ముచ్చట చెప్పిండు. వాళ్ల అత్తగారోళ్లు మొదట బొంబాయి కామాఠిపురల ఉండేటోళ్లు. రెండు వందల ఏండ్ల కింద తెలంగాణ నుంచి పోయి రోడ్లు వేసి, ఇండ్లు కట్టి బొంబాయిని లేపిన కామాటోళ్ల పేరు మీద ఆ పేట ఉన్నది. ఇప్పుడు ఆ పేరు చెప్తె ఎదుటోడు ఇంకొకటి అనుకుంటడు, నవ్వు ఆపుకుంటడు. అందుకని వాళ్ల అత్త బస్సుల, దవాఖానల ఎక్కడ అడిగినా "గ్రాంట్ రోడ్డు దగ్గర" అంటదట. పెండ్లి పత్రిక మీద గూడ ఆ పేట పేరు వేయలే. ఆ పేట తెలుగు కాంట్రాక్టర్లు జోతిబా ఫూలే సత్యశోధక్ సమాజానికి అండగ నిలబడ్డరని నేను ఎక్కడో చదివి చెప్పిన. "అట్లనా?" అన్నడు. వానికి ఎవరూ చెప్పలే. చెప్పినా పత్రిక మీద వేసేటోళ్లు గాదేమో.

ఇట్లనే పాలమూరోళ్లకు. నాగార్జునసాగర్, శ్రీశైలం, దేశంల ఏ ఆనకట్ట కాడికి పోయినా మట్టి మోసినోళ్లు వాళ్లే. పేరేమో పాలమూరు లేబర్. ఆ జిల్లాల డాక్టర్లు, వకీళ్లు, కవులు పుట్టనట్టే మాట్లాడుతరు. సురవరం ప్రతాపరెడ్డి ఎక్కడోడు మరి?

10 ఆగస్టు, ఆదివారం — రాత్రి పొద్దుపోయినంక

బోనాలు మంచిగ గడిచినయి. వాన ఆగింది.

పొద్దున నుంచి ఇల్లంత పసుపు వాసన. కొత్త కుండకు సున్నం, పసుపు బొట్లు, మెడకు వేప మండలు. లోపల బెల్లపన్నం, పైన మూత, మూత మీద దీపం. మా కోడలు బోనం కుదురు సరిచేసి భీమండి పిల్ల నెత్తిన పెట్టింది. ఆమె ఒక్క చెయ్యి పట్టి, రెండో చెయ్యి విడిచి నడిచింది. డప్పు దరువు మారినప్పుడు అడుగు గూడ మారింది. దీపం కొండెక్కలే. ఎట్ల వచ్చిందే అని అడిగితె, "పద్మానగర్‌ల ప్రతి ఏడు చేస్తం చిన్నతాతా, అక్కడ ట్రాఫిక్‌ల నడవాలె, ఇది అల్కగనే ఉన్నది" అన్నది. పొద్దున "బొంబాయోళ్లకు పద్ధతులేం తెలుసు" అన్న ఎదురింటామెనే ఆ పిల్ల కాళ్ల మీద బిందె నీళ్లు పోసింది. పోసి, నాతోని అన్నదేందంటె: "మీ పిల్ల బొంబాయోళ్ల లెక్క లేదు." తన మాట తప్పని ఒప్పుకోలే, పిల్లను ఆ లెక్కల నుంచి తీసేసింది. అందరూ చేసేది ఇదే. మంచిగ కనవడ్డోళ్లను ఒక్కొక్కలను అవతల పెట్టి, మిగిలినోళ్ల మీద పాత మాటే నిలవెడ్తరు. అమెరికాల గూడ మా చెల్లె బిడ్డను ఆఫీసోళ్లు "నువ్వు వేరే ఇండియన్స్‌లా లేవు" అంటరట. అది పొగడ్తనే అనుకుంటది ఆమె.

అమెరికా పిల్ల బోనం ఎత్తుతనన్నది. కుండ బరువుకు మెడ ఊగింది. ఇద్దరు పక్కన పట్టుకున్నరు. వాడకట్టు చప్పట్లు కొట్టింది, ఫోన్లు లేచినయి. భీమండి పిల్లను ఒక్కరు గూడ ఫొటో తీయలే. ఆ పిల్ల చేతిల పని ఉండె, ఆమెకు పట్టలే. నాకు పట్టింది.

గుడి కాడ బైండ్లోళ్లు కథ మొదలువెట్టిండ్రు. యాటను తెచ్చిండ్రు. చెల్లె బిడ్డ కూతురు భుజం మీద చెయ్యి వేసి, "మనం కార్ల కూర్చుందాం పా" అన్నది. పిల్ల కదలలే. ఇంగ్లీషుల ఏదో అన్నది, భీమండి పిల్ల నాకు తెలుగుల చెప్పింది: "ఇది నువ్వు ఆ గుడికి పోవద్దన్నవే, అదే గదమ్మా." తల్లి మొఖం ఎర్రబడ్డది. "అది వేరే, ఇది వేరే" అన్నది. ఎట్ల వేరే అని పిల్ల అడిగింది. బదులు రాలే. కల్లు సాక పోసే చెంబు ఈసారి భీమండి కోడలు అందిచ్చింది.

పిల్ల యాట కోసేటప్పుడు చూడలే, కండ్లు మూసుకున్నది. డప్పు కొట్టేటోళ్ల దగ్గరికి పోయి మాత్రం చానాసేపు నిలబడి వీడియో తీసింది. డప్పు మంట మీద ఎట్ల కాపుతరో, సిర్ర ఏ చేతిల, సిటికెన పుల్ల ఏ చేతిల పట్టాలో అడిగింది. కొట్టేటాయన పని ఆపి, ఆమె చేతికే ఇచ్చి చూపించిండు. ఆయనకు ఆ మర్యాద ఊర్ల ఎవరూ ఇయ్యలేదని గూడ రాయాలె. పండుగ నాడు డప్పు కావాలె, తెల్లారి డప్పోళ్లు ఎవరో గుర్తుండదు.

13 ఆగస్టు, బుధవారం

ఇయ్యాల లొల్లి. భీమండి పిల్లకు పన్నెండు పాసైంది, పుణెల ఇంజనీరింగ్ చదువుతనంటది. కుల సర్టిఫికెట్ కథ ఒకదిక్కు. మహారాష్ట్రల తాత ఎప్పటి నుంచి ఉన్నడో పాత కాయితం చూపమంటరు. మా అన్న పోయిన 1971 వాళ్లకు సరిపోదు. ఇక్కడ బీసీ-బి అని రాసిస్తరు, గని అది ఆడ సీటుకు చెల్లదు. సరే ఇక్కడనే చదువుతనంటె, ఇంటర్ దాకా నాలుగేండ్లు ఈడ చదవలేదు గనుక నాన్-లోకల్. తాత పుట్టిన ఊర్ల ఆమె బయటి పిల్ల, తాను పుట్టిన ఊర్ల వలసొచ్చినోళ్ల పిల్ల.

ఆమె దానికి ఏడ్వలే. ఓపెన్ కోటల కట్టుకుంటం అన్నది. రైల్ల ఎవడన్న మద్రాసీ అంటె నవ్వి ఊకుంటదట. తెలుగు పిల్లలను అమెరికాల నార్తోళ్లు 'గుల్టి' అంటరని మా ఇంకో మనుమరాలు చెప్తె ఇద్దరు ఆ మాట మీద గూడ నవ్వుకున్నరు. నవ్వు రానిది ఒక్క దానికే. తండ్రి అన్నడు: "పుణెల ఒంటరిగ హాస్టలా? మనోళ్ల ఆడపిల్లలు గిట్ల చెయ్యరు."

"ఏ మనోళ్లు పప్పా?" అన్నది.

నా దిక్కు చూసింది. నేను వాడకట్టు లెక్క చెప్పిన. ఎదురింటామె మనుమరాలు హైదరాబాద్ హాస్టల్ల ఉంటది. సందు చివరి ఇంటి పిల్ల జర్మనీల ఎమ్మెస్ చదువుతది. గుడెనకాల ఇంటామె బిడ్డ చౌటుప్పల దిక్కు కంపెనీల రాత్రి షిఫ్టు చేసి పొద్దున బస్సుల వస్తది. అందరూ మనోళ్లే. అన్న కొడుకు తల వంచుకొని, "ఇక్కడ మారిపోయిండ్రు చిన్నాయనా, మేము మారలే" అన్నడు. మారకుండ నిలబడ్డమని వానికి గర్వం. వాని తండ్రి 1971ల సద్దిమూట తోని పట్టుకపోయిన మా ఊరు కేతేపల్లి అది. ఇప్పుడు కేతేపల్లిల గూడ లేదు. అయినా పిల్ల మీద దాని పెత్తనం నడుస్తున్నది. గయానా పిల్ల ఇంట్ల గూడ ఇదే మాట ఉంటదట, మా మనుమరాలు చెప్పింది. ఆ పిల్ల జుట్టు కత్తిరించుకుంటె నాయనమ్మ, మన మద్రాసీ ఆడపిల్లలు ఇట్ల చెయ్యరని మూడు రోజులు మాట్లాడలేదట. ఏ మద్రాసుల? ఏ ఏటి మద్రాసుల?

బయటోడు పెట్టిన పేరును దులుపుకొని పోవచ్చు. ఇంట్లోడు 'మనోళ్లు' అన్నప్పుడు దులుపుకునే జాగ ఉండదు. దాన్ని కాదంటె తల్లిదండ్రులనే కాదన్నట్టయితది.

వదినె బతికి ఉంటె ఏం అనునో. ఆమె పద్దెనిమిదేండ్లకే, ఒక్క భాష రాకుండ, కార్డు ముక్క మీద రాసిన అడ్రసు పట్టుకొని బొంబాయి రైలెక్కింది. టికెట్ రిజర్వేషన్ చేసి ఎక్కిచ్చినోన్ని నేనే. అప్పుడు గూడ ఊరు అన్నది, మనోళ్ల ఆడోళ్లు ఒంటరిగ పోరని. ఆ సంగతి రాత్రి భోజనం కాడ అందరి ముందర చెప్పిన. అన్న కొడుకు అన్నం కలుపుకుంటనే ఉన్నడు గని ముద్ద ఎత్తలే. చేతులు కడుక్కున్నంక, "ఫీజు ఎంతనో కనుక్కో" అన్నడు బిడ్డతోని. అంతే అన్నడు.

16 ఆగస్టు, శనివారం

భీమండోళ్లు నిన్న రాత్రి బస్సెక్కిండ్రు. అమెరికావాళ్లు హైదరాబాద్‌ల ఉన్నరు, రేపు విమానం. మూసీ నిండింది, గేట్లు ఎత్తిండ్రంటున్నరు. హైదరాబాద్ మురికంత కలిసిన నీళ్లే, అయినా పారకం కింద ఉన్నోళ్ల మొఖాల కళ వచ్చింది.

21 ఆగస్టు, గురువారం

న్యూయార్క్ నుంచి మనుమరాలు మెసేజ్ పెట్టింది. గయానా సోపతి పిల్ల నాయనమ్మకు మన బోనాల వీడియో చూపించిందట. ముసలామె మంచం మీద లేచి కూసొని రెండు మాట్ల వేయించుకొని చూసిందట. ఆమె అడిగిన ప్రశ్నలు పంపింది: కుండకు వేప మండలు ఎన్ని కడ్తరు? పసుపు నీళ్లు ముందు చల్లుతరా, డప్పు మొదలైనంక చల్లుతరా? అమ్మవారికి ఏ రంగు చీర? మొగోళ్లు గూడ ఉపవాసం ఉంటరా?

మండలకు లెక్క లేదు, కుండ మెడ నిండాలె అని రాసిన. నీళ్లు ముందే. చీర ఎర్రది, పసుపుది, ఏది కుదిరితె అది. ఉపవాసం ఆడోళ్లే ఉంటరు, మొగోళ్లు ఉన్నమంటరు. నా ప్రశ్నలు గూడ పంపిన: మీ దగ్గర కల్లు దొరకదు గదా, రమ్ము ఎప్పటి నుంచి పోస్తున్నరు? డప్పు దేనితోని చేస్తరు, మేక తోలేనా? మీ ఇంటి పాత పేర్లల్ల అప్పడు, రాముడు, నర్సయ్య తీరువి ఏమన్న ఉన్నయా? భీమండి పిల్ల ఫోన్ల నుంచే ఇంగ్లీషుల చేసి పంపింది. పుణెల కాలేజీ అడ్మిషన్ లైన్ల నిలబడి ఉన్నదట అప్పుడు.

ముగ్గురు పిల్లలకు, నాకు కలిపి ఒక గ్రూపు పెట్టుకున్నం. చెల్లె బిడ్డ ఎట్లనో చూసినట్టున్నది. నాకు విడిగ రాసింది: "మామయ్యా, మేక కోసిన సంగతులు దానికి ఎందుకు?"

ఇంకా బదులియ్యలే. డప్పు కాపిన వీడియో ఇంకొకటి ఉంటె గ్రూపుల వేసిన.